నొప్పి ఉన్నచోట చెయ్యి

మా అమ్మ అప్పాయమ్మతో ఎవరైనా "ఆ పని చెయ్యకు" అన్నారంటే ఆ పని సగం అయిపోయినట్టే. ఆడవాళ్ళు డప్పు వాయిస్తే బాగోదని సంఘపెద్ద ఒకాయన అన్నందుకు క్రిస్మస్ నాటికి డప్పు నేర్చేసుకుంది. లూనా నడపడం నీవల్ల కాదని మా నాన్న నవ్వినందుకు లూనా ఎక్కి, బెల్లం మార్కెట్టు దగ్గర చెరకు బండిని గుద్ది, చీర దులుపుకుని, మళ్ళీ ఎక్కింది. అందుకే రెండువేల ఏడులో, శ్రమల కాలం మధ్యలో, ఆసుపత్రివాళ్ళు వార్డు తలుపు మీద "ప్రార్థన చేసేవారికి ప్రవేశం లేదు" అని కాగితం అంటించినప్పుడు నాకు మొదట ఆ కాగితం మీదే జాలేసింది.

శ్రమల కాలమంటే ఈస్టరుకు ముందు మేము ఉపవాసాలుండే నలభై రోజులు. ఆ రోజుల్లో మా అనకాపల్లి చర్చి స్త్రీల సమాజం సాయంత్రంపూట ఆసుపత్రికి వెళ్ళి, మంచం మంచం దగ్గరా ఆగి, రోగుల కోసం ప్రార్థన చేసేది. అందరూ తెల్లచీరలు కట్టుకునేవారు. తక్కినవాళ్ళు రోగి తల మీద చెయ్యి వేసేవారు. వాళ్ళకి నాయకురాలైన అమ్మ పద్ధతి వేరు. కడుపునొప్పి అయితే కడుపు మీద, కాలు విరిగితే ఆ కట్టు మీద, పుండయితే పుండు మీది గుడ్డ మీద వేసేది.

"నొప్పి ఒక సోట, సెయ్యి ఒక సోటా ఏటే? ఉత్తరం రాసినప్పుడు అడ్రసు సరిగ్గా రాయమా?" అనేది నేను అడిగితే.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. మా అమ్మమ్మ చిన్నతనంలో రైతుల ఇళ్ళ ముందు దోసిలి పట్టి నిలబడితే చెంబు ఎత్తి పైనుంచి నీళ్ళు పోసేవారట. చెంబు చేతికి తగలకూడదు కదా, అందుకని అంత ఎత్తు. సగం దోసిట్లో పడేవి, సగం చీర మీద. అమ్మమ్మకి పురుడు కష్టమై మిషను ఆసుపత్రికి మోసుకెళ్తే, అక్కడి నర్సమ్మ ఒకావిడ ఆమె కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ బయటపడేదాకా తియ్యలేదట. ఆ బిడ్డే మా అమ్మ. మనిషిని మనిషి ముట్టుకోవడం కంటే పెద్ద వరం లోకంలో లేదని అమ్మ నమ్మకం. డబ్బు, నగ, పొలం ఏమీ లేని మనిషికి ఆ రెండు చేతులే ఆస్తి. ఆ యేడు ఆ ఆస్తి మీదికే వచ్చింది తగువు.

నాన్న పేరు ఎలియాజరు. టైలరు. మాట తక్కువ, కొలత ఎక్కువ. షుగరు ఉండటంతో పాదాలకి స్పర్శ తగ్గింది. విరిగిన సూదిముక్క అరికాల్లో దిగినా ఆయనకు తెలియలేదు. మిషను తొక్కే పలక మీద మరక చూసి నేనడిగితే "ఏదో రంగేమోలే" అన్నాడు. జ్వరం వస్తే మందుల షాపుకెళ్ళి రెండు గొట్టం బిళ్ళలు తెచ్చుకుని మింగాడు. జ్వరం తగ్గగానే మానేశాడు. మా వీధిలో అందరూ చేసే పనే అది. పాదం బూరెలా ఉబ్బాక తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చాం.

పుళ్ళకీ కాలిన గాయాలకీ ఒక్కటే వార్డు కావడంతో మగా ఆడా కలిసే ఉండేవారు. పక్క మంచం బుల్లమ్మది. ఎస్. రాయవరం దగ్గర పల్లెటూరి రైతు ఇల్లాలు. గానుగ దగ్గర బెల్లం వండుతుంటే పాకం పొంగి భుజం నుంచి మోచేతి దాకా కాలిపోయింది. పాకం నీళ్ళలా జారిపోదు, చర్మాన్ని పట్టుకుని వదలదు. ఆ నొప్పిలో కూడా ఆవిడ నవ్వుతూ మాట్లాడేది. మొదటిరోజు అమ్మ ఆవిడ మంచం దగ్గర ఆగి, "ముట్టుకోవచ్చేటమ్మా?" అని అడిగింది. రైతుల ఇంటి మనిషి అని తెలిసే అడిగింది.

"సూది పొడిసినోలు అడిగేరేటి? నువ్వొక్కర్తివే అడుగుతున్నావు. ఎయ్యప్పా," అంది బుల్లమ్మ.

ఆ రోజు నుంచి అమ్మ ఆవిడకి అప్ప, అంటే అక్క, అయిపోయింది. బుల్లమ్మ అత్తగారు పైడితల్లి మాత్రం అమ్మ దగ్గరికి రాగానే కుచ్చిళ్ళు లాక్కుని స్టూలు పక్కకి జరుపుకునేది. అమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

నేను అప్పటికి పరవాడ దగ్గర మందుల కంపెనీలో కొత్తగా చేరాను. సీసాల మీద లేబులు వంకరగా ఉంటే పక్కన పెట్టడం నా పని. కంపెనీ బస్సు దిగి తిన్నగా ఆసుపత్రికి వచ్చేదాన్ని. మందులు చేసే చోట పనిచేస్తున్నానని ఆసుపత్రిలో కాస్త గొప్పగా కూడా నడిచేదాన్ని. ఆ గొప్పంతా డాక్టరు దేవీప్రసాద్ మమ్మల్ని వరండాలోకి పిలిచిన రోజుతో దిగిపోయింది.

ఆయన చిన్నవాడు, మంచివాడు, నిద్ర చాలని మనిషి. నాన్నకి మందులు మార్చి మార్చి చూశాడు. పుండులోంచి చీము తీసి ల్యాబులో కల్చర్ చేయించాడు. అంటే అందులోని క్రిమిని పెంచి, అది ఏ మందుకి చస్తుందో చూడటం.

"ఈ క్రిమి మన మందులన్నిటినీ తట్టుకుంటోందమ్మా. ఇంక ఒక్క ఇంజెక్షనే మిగిలింది. దాంతో కిడ్నీలు దెబ్బతినొచ్చు. దానికీ లొంగకపోతే మోకాలి దగ్గర కాలు తీసెయ్యాల్సి వస్తుంది," అన్నాడు.

పనిచెయ్యని మందుల పేర్లు చెప్పాడు. అందులో మా కంపెనీ మందు ఉంది. లేబులు ఎంత తిన్నగా అంటిస్తే మాత్రం ఏం లాభమని నాకు ఏడుపొచ్చింది.

"ఎందుకలా తట్టుకుంటుందండీ?" అన్నాను.

"జ్వరం తగ్గగానే బిళ్ళలు మానేస్తారు. బలం లేని క్రిములు చస్తాయి, బలమైనవి మిగులుతాయి. అవే పెరుగుతాయి. మేమూ తక్కువ తినలేదులే. అవసరం ఉన్నా లేకపోయినా రాసి పారేస్తున్నాం." వార్డువైపు చెయ్యి చూపించాడు. "ఇదే క్రిమి బుల్లమ్మగారి చేతిలోనూ ఉంది. ఆ చివరి మంచం ఆయన పుండులోనూ ఉంది. ఈ మంచం నుంచి ఆ మంచానికి ఎవరో మోస్తున్నారు."

అంటూ అమ్మ చేతులకేసి చూశాడు.

"ఎవరో అనీసి నా సేతులేల సూత్తన్నారు బాబూ?"

"మీరు కట్ల మీద చెయ్యి పెడుతున్నారమ్మా. ఒకరి తర్వాత ఒకరికి. మధ్యలో కడుక్కోవడం లేదు."

"కడుక్కోలేదని తగువెట్టినోలు పరిసయ్యులు. కడుక్కున్నోడు పిలాతు. కడుక్కుని ఏటి సేసేడో తెలుసా మీకు?"

పాపం డాక్టరుకి తెలియదు. శిష్యులు చేతులు కడుక్కోకుండా భోంచేస్తున్నారని తప్పుపట్టిన పెద్దల్ని ప్రభువు మందలించాడు. పిలాతేమో శుభ్రంగా చేతులు కడుక్కుని ఆయన్ని సిలువకు అప్పగించాడు. అందుచేత మా అమ్మ లెక్కలో చేతులు కడుక్కునే రకం మంచి రకం కాదు. ఇలాంటి తప్పు చెయ్యాలంటే వాక్యం బాగా చదివి ఉండాలి, చదవని వాళ్ళ వల్ల కాదు.

మర్నాడే తలుపు మీద కాగితం వెలిసింది. చర్చిలో పాస్టరు అయ్యగారు ఈస్టరు దాకా ఆసుపత్రి ప్రార్థనలు ఆపుదామన్నారు. సమాజం ఆడవాళ్ళు తలలూపారు. అమ్మ ఊపలేదు. పెళ్ళాన్ని మొగుడి మంచం దగ్గరికి రావద్దని ఎవరూ అనలేరు కాబట్టి వార్డులోకి ఒక్కర్తే వెళ్ళి, అందరి దగ్గరా ఆగి, ఎప్పట్లాగే చెయ్యి వేసి వచ్చింది.

ఇంటికొచ్చాక పెరట్లో పట్టుకున్నాను.

"కడుక్కుంటే పోయిందేటమ్మా? రెండు చెంబుల నీళ్ళు."

"పోయేదేటో నీకు తెలవదే. మా యమ్మని ముట్టుకోవద్దన్నప్పుడు కూడా శుబ్బరమనే సెప్పేరు. ఇప్పుడు ఆ బాబు సెప్పేదీ శుబ్బరమే. రెండిటికీ తేడా ఏటో నువ్వు సెప్పు. నీకు సదువుంది కదా."

నాకు తేడా ఉందని తెలుసు. కానీ అమ్మ కళ్ళలోకి చూసి చెప్పగలిగేంత తేలికగా నోటికి రాలేదు. అమ్మ గెలిచినట్టు మొహం పెట్టి బియ్యం చెరగడానికి కూర్చుంది.

మర్నాడు తానే డాక్టరు గదిలోకి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను.

"ఒప్పుకుంతాను బాబూ. నా సేతులు సూడండి. నా ఒక్కర్తివే కాదు. ఈ వార్డులో రోగిని ఎవులెవులు ముట్టుకుంతన్నారో అందరియీ సూడండి. మీయీ సూడండి. అప్పుడు నాను మాటాడను."

డాక్టరు విసుగ్గా తల పట్టుకున్నాడు. వేరే డాక్టరయితే బయటికి గెంటించేవాడేమో. ఈయన మాత్రం "సరే" అన్నాడు. ల్యాబు త్రినాధరావు గాజుమూతలున్న పళ్ళేలు తెచ్చాడు. వాటిలో అంబలి పేరుకున్నట్టు ఏదో ఉంది. డాక్టరు, నర్సు సుజి, కట్లు కట్టే అప్పలరాజు వరసగా వేళ్ళు అద్దారు. అమ్మ చివర్న కొంగు సర్దుకుని, రిజిస్ట్రారాఫీసులో వేలిముద్ర వేసినంత దర్జాగా అద్దింది. సుజి మా చర్చి పిల్లే. నావైపు చూసి నవ్వాపుకుంది.

మూడోరోజు ఫలితం డాక్టరే వార్డు తలుపు దగ్గరికొచ్చి చెప్పాడు. ఎవరి చేతనో చెప్పించలేదు. ఆ ఒక్క పనికి ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

"అప్పాయమ్మగారూ, ఆ క్రిమి నా చేతుల మీద ఉంది. అప్పలరాజు చేతుల మీదా ఉంది."

అమ్మ గడ్డం పైకెత్తింది.

"మీ చేతుల మీద కూడా ఉంది. సుజి చేతులొక్కటే శుభ్రంగా ఉన్నాయి. మీ ఒక్కరికోసం కాగితం అంటించడం నాదే తప్పు. తీయించేస్తాను."

"సూసేవటే" అంది అమ్మ నాతో. డాక్టరు చేతుల మీద ఉందన్న మాట దగ్గరే ఆవిడ చెవి ఆగిపోయింది. ఆ సంగతి నాన్నకి చెబుదామని గబగబా లోపలికి నడిచింది. మంచం కాళ్ళవైపు నిలబడి, మాట మొదలుపెడుతూ, అలవాటు ప్రకారం కట్టు మీదికి చెయ్యి చాపింది.

చెయ్యి సగం దారిలో ఆగింది. నాన్న ఆ చేతినే చూస్తున్నాడు. మా మాటలన్నీ ఆయనకి వినపడ్డాయి.

"అప్పాయీ," అన్నాడు మెల్లగా. "కడుక్కునొచ్చి పెట్టు."

అంతే అన్నాడు. వద్దనలేదు. అమ్మ చెయ్యి అలాగే కాసేపు గాలిలో ఉండి, వెనక్కి వచ్చింది. అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. అక్కడ కంటికి కనపడేదేమీ లేదు, కాజాలు కుట్టిన సూదిపోట్లూ కత్తిపీట గాట్లూ తప్ప. బయటికి వెళ్ళింది. వరండాలో కుళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది.

తిరిగొచ్చేసరికి అమ్మ మొహం మారిపోయి ఉంది. ఏడ్చిందనుకున్నాను. కాదు, కోపం.

"ఇన్ని మంచాలకి ఒక్క కుళాయే. ఆ కుళాయి కాడ సబ్బు లేదు. నా మీద కాగితం అంటించడానికి మాత్రం జిగురుందా ఈలకి?"

ఇక ఆ రోజు నుంచి మొదలైంది అసలు యుద్ధం. నాన్న కొట్లోంచి గుడ్డముక్కల మూట తెప్పించింది. నాన్న మంచం మీదే కూర్చుని చేత్తో చిన్న చిన్న సంచులు కుట్టాడు. సంచికో సబ్బుముక్క వేసి మూతి బిగించి కుళాయికి కట్టింది అమ్మ. రుద్దుకుంటే నురగ వస్తుంది, ఎవరూ జేబులో వేసుకుపోలేరు. ఒక స్టూలు తెచ్చుకుని వార్డు తలుపు పక్కన కూర్చుంది. డాక్టరు కాగితం చింపబోతే ఆపింది.

"ఉండనీండి బాబూ. దాని కిందే కదా నానున్నాను."

ప్రార్థన చేసేవారికి ప్రవేశం లేదనే కాగితం కింద మా చర్చి ప్రార్థనల నాయకురాలు కూర్చుని, ఎవరికి ప్రవేశం ఉందో తేల్చేది. క్యారియర్లతో వచ్చే చుట్టాలు, తుడిచే ఆయా, కట్లు కట్టే అప్పలరాజు, ఎవరైనా సరే మోచేతుల దాకా కడుక్కోవాల్సిందే. "ఏళ్ల సందుల్లో కూడా" అనేది ప్రతివాళ్ళతోనూ. "ఇప్పుడే కడుక్కున్నాను" అన్నవాణ్ణి అసలు నమ్మేది కాదు. అప్పలరాజు రోజూ సణిగేవాడు. "అప్పాయమ్మ పెద్దమ్మకి పోలీసు ఉద్యోగం రావాల్సింది, ఆసుపత్రికొచ్చి పడింది" అనేవాడు, నురగ రుద్దుకుంటూనే.

మధ్యలో నాన్న కాలు చూడటానికి విశాఖపట్నం నుంచి పెద్ద సర్జను వచ్చాడు. కాలు ఉంచాలో తియ్యాలో చెప్పేది ఆయనే. కారు దిగి, ఫోనులో మాట్లాడుకుంటూ, తిన్నగా తలుపు దగ్గరికి వచ్చాడు. అమ్మ స్టూలు మీంచి లేచి అడ్డంగా నిలబడింది.

"సేతులు బాబూ."

అమ్మ చెంగు పట్టుకుని లాగి, "నాన్న కాలు ఆయన చేతిలో ఉందమ్మా" అన్నాను చెవిలో.

"అందుకే కడుక్కోమంతన్నాను," అంది అమ్మ అందరికీ వినబడేటట్టు.

"నేను కడుక్కునే వచ్చానమ్మా," అన్నాడు సర్జను.

"ఆనక కారు తలుపు తీసేరు కదా. ఫోను ఒట్టుకున్నారు. నాను సూసేను."

ఆయన మొహం ఎర్రబడింది. ఎవరీవిడ అన్నట్టు దేవీప్రసాద్ వైపు తిరిగాడు. దేవీప్రసాద్ కుళాయి దగ్గరికి వెళ్ళి, చొక్కా చేతులు మడిచి, సబ్బుసంచి అందుకున్నాడు. పెద్దాయన ఒక నిమిషం చూసి, చేతి గడియారం విప్పి నాకిచ్చి, వెళ్ళి పక్కన నిలబడ్డాడు. లోపలికెళ్ళి పాదం చూసి, ముందు రెండు వేళ్ళు తీసేసి, ఆ మిగిలిన ఇంజెక్షనుతో చూద్దామన్నాడు. వెళ్తూ గడియారం తీసుకుని అమ్మకి దణ్ణం పెట్టాడు. అమ్మ ఆయన చేతులు ఆరాయో లేదో చూసింది.

నాన్నకి రెండు కాలివేళ్ళు పోయాయి. ఇంజెక్షను పనిచేసింది, కిడ్నీలు ఓర్చుకున్నాయి, కాలు నిలిచింది. "మిషను తొక్కడానికి మడమ సాలదేటి?" అన్నాడు నాన్న. ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం చూసి నేనూ అమ్మా ఇద్దరం ఏడ్చాం.

బుల్లమ్మకి మాత్రం తగ్గలేదు. ఆవిణ్ణి వరండా చివర విడిగదిలోకి మార్చారు. మందులకి లొంగని పురుగు పట్టిందన్న మాట ఊరికి పాకింది. ఆవిడ మొగుడు గుమ్మం అవతలే నిలబడి మాట్లాడి వెళ్ళిపోయేవాడు. పైడితల్లి వరండాలో కూర్చుని ఏడ్చేది, లోపలికి వెళ్ళేది కాదు. ఒకరోజు అమ్మ ఆ వరండా దాటుతుంటే తలుపు సందులోంచి గొంతు వినిపించింది.

"అప్పా. నువ్వూ మానేసేవా?"

అమ్మ తిన్నగా సుజి దగ్గరికి వెళ్ళింది. సుజి పైన వేసుకునే గౌనూ చేతి తొడుగులూ ఇచ్చింది. అమ్మ తొడుగులు తీసి బల్ల మీద పెట్టేసింది.

"తొడుక్కుని ముట్టుకుంతే ముట్టుకున్నట్టేటే?"

సుజి పరిగెత్తి డాక్టర్ని అడిగి వచ్చింది. "సరే పిన్నీ. పుండు మీద గానీ కట్టు మీద గానీ ఒద్దు. పుండు లేనిసోట ఒట్టి సెయ్యి ఎయ్యి. ఎల్లేముందు కడుగు, వచ్చినాక కడుగు. అంతే."

"పుండు మీద ఎయ్యకపోతే నొప్పి ఉన్నసోట ఎలాగెయ్యనే?" అంది అమ్మ. ఇంత కాలం పట్టుకున్న పద్ధతి అది. అయినా మోచేతుల దాకా కడుక్కుని, చేతులు ముందుకి చాపి పట్టుకుని లోపలికి వెళ్ళింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

"ఎక్కడెయ్యనే బుల్లీ? నీ పుండు మీద ఎయ్యనియ్యరు."

బుల్లమ్మ బాగున్న చేత్తో అమ్మ చెయ్యి పట్టుకుని తన గుండె మీద పెట్టుకుంది.

"ఇక్కడెయ్యప్పా. భుజం నొప్పి తెలవడమే మానేసింది. బాదంతా ఇక్కడే ఉంది. ఎవులూ రావట్లేదు."

అమ్మ ఆ రోజు పైకి ప్రార్థన చెయ్యలేదు. చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆ తర్వాత రోజూ వెళ్ళింది, వెళ్ళే ముందు కడుక్కుని, వచ్చాక కడుక్కుని. నాన్నకి పనిచేసిన ఇంజెక్షనే బుల్లమ్మకీ ఇచ్చారు. అప్పటికే క్రిమి రక్తంలోకి పాకిపోయిందన్నాడు డాక్టరు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

గుడ్‌ఫ్రైడే ఉదయం బుల్లమ్మ పోయింది.

ఆ రోజు చర్చిలో మూడు గంటల ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో ఒకదాని గురించి మాట్లాడే పని ఆ యేడు మొదటిసారి అమ్మకిచ్చారు. ఎన్నాళ్ళనుంచో కోరుకున్న అవకాశం. అమ్మ అయ్యగారికి కబురు పంపింది, రాలేనని. నన్ను తీసుకుని ఆటోలో ఎస్. రాయవరం వైపు బయల్దేరింది.

"నా సెయ్యే మోసిందేటే దానికి?" అని అడిగింది దారిలో ఉన్నట్టుండి.

"అన్ని చేతులూ మోసేయమ్మా."

"అన్నిట్లో నాదీ ఉంది కదా," అంది. ఆటో చెరకు ఆకు పరిచిన దారి మీద వెళ్తుంటే అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ నడుం నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

బుల్లమ్మని ఇంటి ముందు చాప మీద పడుకోబెట్టారు. ఆడవాళ్ళందరూ వీధి అవతల గోడవార నిలబడి ఉన్నారు. చావు స్నానం చేయించడానికి ఒక్కరూ ముందుకి రావడం లేదు. ఆ పురుగు మనకి అంటుకుంటే మందే లేదట అని గుసగుసలాడుకుంటున్నారు. పైడితల్లి ఒక్కతే కోడలి పక్కన కూర్చుని ఉంది. పక్కన నీళ్ళ కాగు ఉంది, చెంబు ఉంది, చెయ్యి వేసే మనిషి లేదు.

అమ్మ చెప్పులు విడిచి, కొంగు నడుంలో దోపి, చాప దగ్గరికి వెళ్ళింది.

"ఆలెవులు?" అని గోడవార ఎవరో అడిగారు. ఎవరు అని అడిగినట్టు లేదు అది. ఏ వాడ వాళ్ళు అని అడిగినట్టుంది.

"బుల్లమ్మకి అప్పని," అంది అమ్మ అటు తిరక్కుండానే. సంచిలోంచి సబ్బు తీసింది. "ఆసుపత్రి డాక్టరుగారు సెప్పేరు. సబ్బుతో బాగా కడుక్కుంతే ఏటీ కాదు. బుల్లమ్మని ఇలాగొగ్గీకూడదు. లెగండమ్మా."

పైడితల్లి అమ్మకేసి చూసి లేచింది. చెంబు ముంచి, అమ్మ చేతులకి నీళ్ళు పొయ్యడానికి చెయ్యి ఎత్తింది. బాగా పైకెత్తింది. కావాలని చేసిన పని కాదది. ఆ చేతికి అంత ఎత్తు చిన్నప్పటి నుంచీ అలవాటు.

అమ్మ దోసిలి పట్టలేదు. తలెత్తి ఆ చెంబుని చూసింది. నాకు అమ్మమ్మ తడిసిన చీర గుర్తొచ్చింది. అమ్మ ఇప్పుడు ఒక మాట అంటుందనీ, చావింట గొడవైపోతుందనీ భయపడి రెండడుగులు ముందుకి వేశాను.

"ఆ సెంబు ఇలాగియ్యండమ్మా," అంది అమ్మ మామూలుగా, చెయ్యి చాపి. "మనిద్దరం బుల్లిని ముట్టుకోవాల. ముందు మీరు కడుక్కోండి. నాను పోత్తాను."

వీధంతా చూస్తోంది. పైడితల్లి చెయ్యి అలాగే పైన ఉండిపోయింది, చెంబు అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. తర్వాత ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. చెంబు అమ్మ చేతికిచ్చింది. ముసలావిడ వేళ్ళు అమ్మ వేళ్ళకి తగిలాయి, లాక్కోలేదు. సబ్బు అందుకుని, రెండు చేతులూ దగ్గరగా చేర్చి, అమ్మ ముందు పట్టింది.

అమ్మ చెంబుని ఆ చేతులకి ఆనించినంత దగ్గరగా తెచ్చి, చుక్క పక్కకి పోకుండా, నిదానంగా వంచింది.

"ఏళ్ల సందుల్లో కూడా," అంది.